మీరు లేని రోజు కూడా అదే ఇడ్లీ: టిఫిన్ సెంటర్ యజమాని పని నేర్చుకుంటూ ఎదగడం ఎలా

టిఫిన్ సెంటర్ పెట్టి రెండు మూడేళ్లయింది. పొద్దున ఏడింటికల్లా బండ్లు ఆగుతున్నాయి, మీ చట్నీకి పేరుంది. అయినా నెలాఖరుకి లెక్క చూసుకుంటే మొదటి ఏడాది మిగిలినంతే మిగులుతోంది. ఒక్క రోజు పెళ్లికెళ్లొస్తే "నిన్న ఇడ్లీ బాలేదండీ" అని ఒకరైనా అంటారు. ఇలా ఆగిపోయిన చోటు నుంచి కదలాలనుకునే వాళ్ల కోసమే ఈ వ్యాసం. కొత్తగా పెట్టేవాళ్లు కూడా మొదటి రెండు మెట్లు చదివి మొదలుపెట్టొచ్చు.

పని తెలియక ఆగిపోయేవాళ్లు తక్కువ. తెలిసిన పని చేతిలోనే ఉండిపోయి, కాగితం మీదికీ ఇంకొకరి చేతికీ వెళ్లక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. కింద చెప్పే వరస అందుకే అలా ఉంది. మెట్లు దాటేసి ఆరో దానికి వెళ్లకండి.

మొదటి మెట్టు: కంటి కొలత మానేయండి

కొనాల్సినవి మూడు: 10 కిలోల దాకా తూగే డిజిటల్ కాటా, 1 లీటరు కొలత మగ్గు, వంటింటి థర్మామీటర్. వీటితోపాటు పిండి దగ్గరే తాడు కట్టి వేలాడదీసే ఒక నోటు పుస్తకం.

ముందు ఇడ్లీ పిండిని పట్టుకోండి. దాన్ని సాధిస్తే మిగతావి తేలిక. మొదలుపెట్టడానికి ఈ కొలత బాగుంటుంది: మినపగుళ్లు 1 కిలో, ఇడ్లీ రవ్వ 2 కిలోలు, ఉప్పు 50 గ్రాములు. మీ కొలత వేరే అయితే దాన్నే తూచి రాసుకోండి. పక్కవాళ్ల కొలత కన్నా మీరు తూచిన మీ కొలతే మీకు పనికొస్తుంది.

గుళ్లు 4 గంటలు నానితే చాలు. ఎండాకాలంలో ఆరేడు గంటలు వదిలేస్తే నీళ్ల మీద నురగ కట్టి వాసన మొదలవుతుంది, ఆ వాసన చట్నీ కూడా దాచలేదు. రుబ్బేటప్పుడు కిలో గుళ్లకి సుమారు 1 లీటరు నీళ్లు పడతాయి. ఒక్కసారి పోయకుండా గుప్పెడు గుప్పెడు చల్లుతూ వెట్ గ్రైండర్‌లో 30 నుంచి 40 నిమిషాలు రుబ్బండి. నీళ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవై ఉండాలి, మే నెలలో అయితే నాలుగు ఐసు ముక్కలు వేయండి. రాయి రాపిడికి పిండి వేడెక్కితే నురగ నిలవదు, తర్వాత పొంగడం కూడా సరిగా ఉండదు. పిండి అయిందో లేదో తెలియాలంటే గిన్నెలో నీళ్లు పోసి అందులో ఒక బొట్టు పిండి వేయండి. తేలితే అయినట్టు. మునిగితే ఇంకో ఐదు నిమిషాలు తిప్పండి.

రవ్వని రెండు మూడు సార్లు కడిగి, గంట నానబెట్టి, పిడికిట పట్టి నీళ్లు పిండేసి కలపండి. ఈ పిండడంలోనే రోజుకో తేడా వస్తుంది. ఒకరు గట్టిగా పిండుతారు, ఒకరు వదులుగా వదిలేస్తారు, పిండిలో అర లీటరు నీళ్ల తేడా అక్కడే పడిపోతుంది. పిండిన రవ్వని కూడా వారం రోజులు తూచి చూడండి. రోజూ ఒకే బరువు రావాలి.

పాత్ర సగానికి మించి నింపకండి. పక్కన చాక్‌పీసుతో గీత గీసి టైము రాయండి. పిండి 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే 8 గంటల్లో పొంగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో 12 నుంచి 14 గంటలు పట్టొచ్చు, ఏప్రిల్, మే నెలల్లో ఐదారు గంటల్లోనే అయిపోతుంది. అందుకని చలికాలంలో ఉప్పు పొంగాక కలపండి, ఎండాకాలంలో ముందే కలపండి. ఉప్పు పులుపుని కాస్త నెమ్మదింపజేస్తుంది. పిండిని పొంగించేది గుళ్లలోనే ఉండే మేలు చేసే బాక్టీరియా, సోడా కాదు. సోడా వేయాల్సి వస్తోందంటే పైన చెప్పిన పనుల్లో ఎక్కడో తప్పు జరిగిందని అర్థం.

ఇడ్లీ గట్టిగా వస్తే గుళ్లు సరిగా నలగలేదు, లేదా రవ్వ ఎక్కువైంది, లేదా పిండి పొంగకముందే వేశారు. చదునుగా అతుక్కుపోయి వస్తే నీళ్లెక్కువయ్యాయి, లేదా పొంగిన పిండి మళ్లీ కుంగేదాకా వదిలేశారు. అసలు పొంగకపోతే గుళ్లు ఏడాది దాటి నిలవున్నవేమో చూడండి. బస్తా మారిన రోజు పిండి మారిందంటే తప్పు మాస్టర్‌ది కాదు, గుళ్లది. కొత్త బస్తా విప్పిన రోజు ముందు పావు కిలో రుబ్బి చూసి, ఆ తర్వాతే మొత్తం నానబెట్టండి.

21 రోజులు రాయండి: నానబెట్టిన టైము, రుబ్బిన టైము, పిండి వేడి, గది వేడి, ఎంత ఎత్తు పొంగింది, ఇడ్లీ ఎలా వచ్చింది. మూడో వారం చివర ఆ పేజీలు పక్కపక్కన పెడితే మీ గదికి, మీ నీళ్లకి, మీ గ్రైండర్‌కి సరిపోయే కొలత మీకే కనిపిస్తుంది.

రెండో మెట్టు: ఒక ప్లేటు మీకు ఎంత పడుతోంది

ఇక్కడ వేసిన ధరలు లెక్క అర్థం కావడానికే. మీ బజారు ధరలు వేసుకుని చేయండి, కానీ వరస మార్చకండి.

గుళ్లు కిలో 130, రవ్వ 2 కిలోలు 100, మొత్తం 230 రూపాయలు. పై కొలతకి సుమారు 6 కిలోల పిండి వస్తుంది. ఇడ్లీకి 50 గ్రాముల చొప్పున 120 రావాలి. అంచులకి అంటుకున్నవీ, విరిగినవీ తీసేస్తే 114 అనుకోండి. ఒక ఇడ్లీ 2 రూపాయలు, మూడు ఇడ్లీల ప్లేటు 6 రూపాయల 10 పైసలు దాకా.

ఇప్పుడు పల్లీ చట్నీ. పల్లీలు కిలో 140, పుట్నాల పప్పు పావు కిలో 28, పచ్చిమిర్చి, చింతపండు, తాలింపు కలిపి 32. మొత్తం 200. నీళ్లతో కలిపి 3 కిలోల 200 గ్రాముల చట్నీ వస్తుంది. ప్లేటుకి 70 గ్రాములు వేస్తే 4 రూపాయల 40 పైసలు.

మిగతావి చాలామంది వేసుకోరు. రోజుకి 250 ప్లేట్లు, అంటే నెలకి 7,500 ప్లేట్లు అమ్ముతున్నారనుకుందాం. 19 కిలోల సిలిండర్ 1,800కి కొని మూడు రోజులు వాడితే 750 ప్లేట్ల మీద పంచాలి: ప్లేటుకి 2.40. అద్దె 15,000: ప్లేటుకి 2. పనివాళ్ల జీతాలు 45,000: ప్లేటుకి 6. కరెంటు, నీళ్లు 6,000: 80 పైసలు. మీ జీతం 25,000: 3.30. అవును, మీ జీతం. తెల్లవారుజామున మూడింటికి లేచి పనిచేసేది మీరు. ఆ కూలి లెక్కలో లేకపోతే మీరు లాభం అనుకుంటున్నది లాభం కాదు, మీ కూలే.

అన్నీ కలిపితే ప్లేటుకి 25 రూపాయలు. 30కి అమ్మితే 5 మిగులుతుంది.

ఇప్పుడు ఎవరో ప్లేటు ముందుకు జరిపి "అన్నా, కొంచెం చట్నీ" అంటారు. ఇంకో గరిటె పడింది, 4.40. మిగులు 60 పైసలు. ఆ ప్లేట్లో రెండుసార్లు పడిన చట్నీ ఖరీదు మూడు ఇడ్లీల ఖరీదుని దాటిపోయింది.

దీనికి చట్నీ ఇవ్వకపోవడం మందు కాదు. నీళ్లు కలపడం అంతకన్నా కాదు, ఆ రోజు నుంచే జనం తగ్గుతారు. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది చట్నీ కోసమే వస్తారు. చేయాల్సింది ఇది: 70 గ్రాములు పట్టే గరిటె ఒకటి చూసి కొనండి, అందరి చేతిలో అదే గరిటె ఉండాలి. రెండోసారి అడిగేది పదిమందిలో ఎంతమందో వారం రోజులు లెక్కపెట్టండి. నలుగురు అడుగుతుంటే ఆ నాలుగు గరిటెల ఖర్చు, అంటే 17 రూపాయల 60 పైసలు, పది ప్లేట్ల ధరలో పంచి వేయండి. ప్లేటుకి 1.76 పడుతుంది. పక్కన అల్లం చట్నీ గానీ నెయ్యి వేసిన కారప్పొడి గానీ పెడితే పల్లీ చట్నీ అడగడం దానంతటదే తగ్గుతుంది, పైగా ప్లేటు నిండుగా కనిపిస్తుంది.

దోసె, పూరీ, ఉప్మా, గారె దేనికదే ఇలా వేయండి. ఒక్కో ఐటమ్‌కి ఒక పేజీ. గుళ్ల ధర కిలోకి 15 రూపాయలు మారినా, సిలిండర్ ధర మారినా ఆ పేజీ తిరగరాయాలి. అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉన్నది మిగులులో ఆఖరున ఉండడం చాలా చోట్ల కనిపిస్తుంది. అది తెలిసిన రోజే మెనూ మార్చే హక్కు మీకొస్తుంది.

మూడో మెట్టు: గల్లా పెట్టె వేరు, జేబు వేరు

షాపు పేరు మీద వేరే బ్యాంకు ఖాతా తెరవండి. కౌంటర్ మీద ఉండే క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే అయి ఉండాలి, ఇంట్లోవాళ్ల ఫోను నంబరుది కాదు. పొద్దున గల్లాలో చిల్లర ఎంత పెట్టారో, మూసేటప్పుడు ఎంత ఉందో, యూపీఐలో ఎంత వచ్చిందో, మధ్యలో పాలకీ కూరగాయలకీ ఎంత తీశారో నాలుగు గడుల్లో రాయండి. పది నిమిషాల పని. మిగిలిపోయిన పిండి, పారబోసిన చట్నీ కూడా కిలోల్లో అదే పేజీలో రాయాలి. రోజూ రెండు కిలోల చట్నీ పారబోస్తుంటే నెలకి దాదాపు 3,750 రూపాయలు కాలవలో పోసినట్టు.

పన్ను సంగతి ఇక్కడే చూడాలి. పై లెక్కలో 250 ప్లేట్లు, 30 రూపాయలు అంటే రోజుకి 7,500, ఏడాదికి 27 లక్షలు. హోటల్ వ్యాపారానికి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. "మనది చిన్న కొట్టే కదా" అనుకునే చాలామంది ఈ గీత దాటేసి ఉంటారు, యూపీఐ లెక్కలు బ్యాంకులో కనబడుతూనే ఉంటాయి. మామూలు టిఫిన్ సెంటర్‌కి పన్ను 5 శాతం. అది 30లోనే కలిపి అమ్మితే ప్లేటుకి 1.43 పోతుంది, మిగులు 3.57కి దిగుతుంది. రెండో గరిటె చట్నీతో ఆ ప్లేటు నష్టంలోకి పోతుంది. ధర పెంచాలా వద్దా అనేది మనసుని కాకుండా ఈ కాగితాన్ని అడగండి. చిన్న వ్యాపారులకి జీఎస్టీలో ఉన్న తేలిక దారి, కాంపోజిషన్ పద్ధతి, మీకు మేలో కాదో ఒక్కసారి అకౌంటెంట్ దగ్గర కూర్చుని తేల్చుకోండి.

ఆహార భద్రత శాఖ రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ, మీ అమ్మకానికి వర్తించే కాగితం గోడ మీద కనబడేలా పెట్టండి. చిన్న వ్యాపారంగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, దానికి డబ్బులడిగే దళారులకి రూపాయి ఇవ్వకండి. తోపుడు బండి మీద చేసేవాళ్లకి పీఎం స్వనిధి అప్పు ఉంది: 2025 మార్పుల తర్వాత మొదటి విడత 15,000, అది కట్టేస్తే 25,000, ఆ తర్వాత 50,000. పెద్ద మొత్తం కావాలంటే చిన్న వ్యాపారాలకి బ్యాంకులు ఇచ్చే ముద్ర రుణం. బ్యాంకు వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకి జవాబు మీ నాలుగు గడుల పుస్తకంలోనే ఉంటుంది.

నాలుగో మెట్టు: పని ఇంకొకరి చేతికి

కష్టమైన మెట్టు ఇది. ఎక్కువమంది ఇక్కడే వెనక్కి తిరిగి "నేను చేస్తేనే వస్తుంది" అంటారు. మీ కొలత కాగితం మీద ఉంది కాబట్టి ఇప్పుడు ఆ మాట నిజం కాదు.

పిండి పనికి ఒక మనిషిని ఎంచుకోండి. వేగంగా చేసేవాడికన్నా రోజూ ఒకే టైముకి వచ్చేవాడు మేలు. మొదటి వారం మీరు చేస్తుంటే అతను తూచి రాయాలి. రెండో వారం అతను చేస్తుంటే మీరు చూడాలి, నోరు మూసుకుని. తప్పు చేయబోతున్నాడని తెలిసినా ఒక చిన్న పాత్ర పిండిలో తప్పు చేయనివ్వండి, ఎందుకు పోయిందో అతని చేతే రాయించండి. మూడో వారం మీరు షాపుకి ఏడింటికి రండి. నాలుగో వారం ఒక రోజు అసలు రాకండి.

రుచి సరిపోయిందా లేదా అని మీరు తేల్చకండి. మీ చెయ్యి పెట్టని ఇడ్లీ మీకు తక్కువగానే అనిపిస్తుంది. మీరు చేసిన పిండితో రెండు, అతను చేసిన పిండితో రెండు వేసి, ఏది ఎవరిదో చెప్పకుండా రోజూ వచ్చే నలుగురికి పెట్టండి. ముగ్గురు తేడా చెప్పలేకపోతే పని అతని చేతికి వచ్చినట్టే.

దోసె మాస్టర్ సంగతి వేరు. చెప్పకుండా మానేసి పక్క సెంటర్‌కి వెళ్లిపోతే ఆ రోజు పెనం ఆరిపోతుంది. దీనికి పనికొచ్చే ఉపాయం ఒకటుంది: మాస్టర్‌కి వారానికో సెలవు మీరే పిలిచి ఇవ్వండి, జీతం కోయకుండా. ఆ రోజు పెనం దగ్గర రెండో మనిషి నిలబడతాడు. మాస్టర్‌కి ఒళ్లు విశ్రాంతి, మీకు ఏడాదిలో 52 రోజులు చెయ్యి తిరిగిన ఇంకో మనిషి.

ఆ రెండో మనిషికి మొదట నేర్పాల్సింది తిప్పడం కాదు, పెనం వేడి. నాలుగు నీటి చుక్కలు చల్లాలి. చుక్కలు పెనం మీద పూసల్లా పరుగులు తీస్తే వేడి మించింది, ఇప్పుడు పిండి వేస్తే తిప్పేలోపే పట్టేసుకుని గరిటెకి చుట్టుకుని వస్తుంది. చుక్క ఉన్నచోటే నింపాదిగా ఆవిరైతే వేడి చాలలేదు, దోసె అతుక్కుంటుంది, రంగు రాదు. చల్లగానే సుయ్‌మని మరిగి వెంటనే మాయమైతే సరైన వేడి. మించితే నీళ్లు చల్లి తడిగుడ్డతోనో చీపురుతోనో తుడిచి, సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దాలి. ఆ తర్వాత ఒక గరిటె పిండి, సుమారు 100 గ్రాములు, నడిమధ్య వేసి బరువు పెట్టకుండా లోపలి నుంచి బయటికి తిప్పాలి. రోజుకి ఇరవై దోసెలు, గిరాకీ తగ్గిన పదింటి తర్వాత. నెల తిరిగేసరికి చెయ్యి కుదురుతుంది.

ఐదో మెట్టు: తెలియనివి తెలుసుకోవడం

పని ఇంకొకరి చేతిలోకి వెళితే పొద్దున రెండు గంటలు మీకు మిగులుతాయి. ఆ గంటల్ని కౌంటర్ మీద కూర్చుని ఫోను చూస్తూ పోగొట్టుకోవద్దు. రెండు నెలలకి ఒక విద్య పెట్టుకోండి.

నూనెతో మొదలుపెట్టమని చెబుతాను, ఎందుకంటే అందులో డబ్బూ ఉంది, జనం ఆరోగ్యమూ ఉంది. మరిగిన నూనెలో చెడిపోయిన పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వంటకి వాడకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. కొలిచే మీటరు లేకపోయినా గుర్తులు తెలుస్తాయి: మామూలు మంట మీదే పొగ రావడం, పునుగులు వేయగానే చిన్న బుడగల నురగ పైకి పొంగి తగ్గకపోవడం, వేళ్ల మధ్య జిగురు, ముదురు రంగు. నూనెని 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉంచండి. పని అయ్యాక చల్లార్చి గుడ్డలో వడకట్టండి, అడుగున మాడిన పిండి తునకలే మిగతా నూనెని పాడుచేస్తాయి. పాతదాంట్లో కొత్తది పోసి సరిపెట్టకండి, కొత్తది కూడా పాతదాని దారే పడుతుంది. వాడేసిన నూనెని బయోడీజిల్‌కి కొనే అధీకృత సంస్థలున్నాయి, వాళ్లకి ఇవ్వండి, రోడ్డు పక్క బండ్లకి మాత్రం అమ్మొద్దు.

తర్వాత శుభ్రత. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య వండినది ఎంతసేపు ఉంటే అంత ప్రమాదం. సాంబారు 60కి పైనే ఉండాలి. చట్నీ పొద్దున ఒక్కసారే రుబ్బకుండా రెండు మూడు విడతలుగా రుబ్బండి, కొబ్బరి చట్నీ అయితే మరీ. ఫోస్టాక్ అనే ఆహార భద్రత శిక్షణ ఒక్కరోజులో అయిపోతుంది, మీరూ మీ వంటమనిషీ కలిసి వెళ్లండి. పల్లెల నుంచి వచ్చిన యువతకి బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ కేంద్రాల్లో ఉచితంగా శిక్షణ దొరుకుతుంది. హైదరాబాద్ యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ (ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ) ఉంది. యజమానులకి అక్కడ పెట్టే తరగతుల పట్టిక ఒకసారి చూడండి.

కొనుగోలు కూడా విద్యే. కృష్ణా, గుంటూరు డెల్టాలో వరి కోసిన పొలాల్లో వేసే మినుము ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికొస్తుంది. కొత్త సరుకు దిగాక రెండు మిల్లుల గుళ్లు కిలో కిలో తెచ్చి, ఒకేలా రుబ్బి, ఏది ఎంత పొంగిందో పుస్తకంలో రాయండి. కిలోకి 5 రూపాయలు ఎక్కువైనా పిండి పదో వంతు ఎక్కువ వచ్చే గుళ్లే చవక. మూడు నెలలకి మించి నిలవ పెట్టకండి, డబ్బు ఇరుక్కుపోతుంది, పురుగూ పడుతుంది.

కొత్త ఐటమ్ పెట్టాలనుకుంటే ముందు శని, ఆదివారాలు మాత్రమే, నాలుగు వారాలు. రోజుకి 25 ప్లేట్లు అమ్ముడుపోవాలి, ఖర్చు పేజీ తయారై ఉండాలి, పెనం మీద గానీ పొయ్యి మీద గానీ దోసె టైముని తినకూడదు. ఈ మూడింటిలో ఒకటి తప్పినా తీసేయండి.

ఆరో మెట్టు: రెండో చోటు

ఎప్పుడు? వరసగా 30 రోజులు మీరు పిండి ముట్టుకోకుండా షాపు నడిచి ఉండాలి. ఆరు నెలల లెక్క రాసి ఉండాలి, మీ జీతం పోను మిగిలి ఉండాలి. రెండో చోటుకి మూడు నెలల అద్దె, జీతాలు అమ్మకం రాకపోయినా కట్టేంత చేతిలో ఉండాలి. అప్పు సామాన్లకి తీసుకోండి, జీతాలకి కాదు.

అక్కడ గ్రైండర్ పెట్టకండి. పిండి మొదటి చోటే రుబ్బి, పొంగాక మూత బిగిసే స్టీలు క్యాన్లలో తెల్లవారుజామునే పంపండి. ఎండాకాలంలో క్యాను చుట్టూ ఐసు ఉండాలి, లేకపోతే ఎనిమిదింటికల్లా పులుపెక్కుతుంది. చట్నీ ముద్దగా రుబ్బి పంపి, నీళ్లూ తాలింపూ అక్కడే కలపాలి. రెండుచోట్లా అదే గరిటె, అదే కాటా, అదే పుస్తకం.

మొదటి నెల వారానికి రెండుసార్లు ఒకే గంటకి రెండుచోట్ల నుంచీ ఇడ్లీ తెప్పించి పక్కపక్కన పెట్టి తినండి. తేడా ఉంటే పిండిని అనుమానించేముందు ఇడ్లీ పాత్ర చూడండి. అడుగున నీళ్లు మరిగి ఆవిరి వచ్చాక రేకులు పెట్టాలి, 10 నుంచి 12 నిమిషాలు ఉంచాలి, దించాక రెండు నిమిషాలు ఆగి తడి చెంచాతో తీయాలి. కొత్త చోట పొయ్యి మంట చిన్నదైనా, హడావుడిలో చన్నీళ్ల మీద రేకులు పెట్టేసినా, అదే పిండి అక్కడ గట్టి ఇడ్లీ అవుతుంది.